లింకు కాదమ్మా, ఫైలు పంపు!

విజయవాడలో ఒక ఆఫ్‌సెట్ ప్రెస్. కాలేజీ సావనీర్ ప్రింటింగ్‌కి వెళ్ళాలి. పీడీఎఫ్ 180 ఎంబీ ఉంది. డిజైన్ చేసినమ్మాయి దాన్ని గూగుల్ డ్రైవ్‌లో పెట్టి లింకు పంపింది. ఓనరుగారు ఫోన్ చేశారు.

ఓనరు: లింకు నొక్కితే యాక్సెస్ అడగమంటోందమ్మా. రాత్రి పదకొండింటికి ఎవర్ని అడగను? మెషిన్‌మేన్ ఖాళీగా కూర్చున్నాడు. మెయిల్లో అటాచ్ చేసుంటే ఈ గోల ఉండేదా?

డిజైనరు: అది సెట్టింగ్ సంగతి బాబాయ్ గారూ, ఒక్క నొక్కుతో పోతుంది. అటాచ్ చేద్దామంటే అసలు పట్టదు. 25 ఎంబీ దాటితే జీమెయిల్ తనే డ్రైవ్ లింకుగా మార్చేస్తుంది.

ఓనరు: ముక్కలు చేసి పంపు. పదో పన్నెండో మెయిళ్ళవుతాయి, అంతేగా?

డిజైనరు: మెయిల్ పుట్టిందే అక్షరాల కోసం. ఏ ఫైలు తగిలించినా దాన్ని అక్షరాల్లోకి మార్చి పంపుతుంది, మూడు బైట్లు నాలుగవుతాయి. 20 ఎంబీ ఫైలు దారిలో 27 దాకా ఉబ్బుతుంది. అవతలి సర్వర్ ఒప్పుకోకపోతే తిరిగొస్తుంది. పైగా మీకున్న ఉచిత 15 జీబీలోనే మెయిలు, డ్రైవు, ఫొటోలు అన్నీ సర్దుకోవాలి. నిండితే కొత్త ఆర్డర్ల మెయిళ్ళు కూడా రావు.

ఓనరు: నిండితే పాతవి తీసేస్తాను. నా టెన్షన్ అది కాదు. మెయిల్లో వచ్చింది నాది. తేదీ, టైము ఉంటాయి, నువ్వు మార్చలేవు. లింకు వెనకున్న ఫైలుకి తాళం నీ దగ్గరే ఉంటుంది. చోటు చాలక డిలీట్ చేశావనుకో, నాకేం మిగలదు. లేదంటే నేను దించుకుని ప్లేట్లు, అదే అచ్చు వేసే రేకులు, తీయించేశాక అదే లింకులో కరెక్షన్ చేసిన వెర్షన్ పెట్టావనుకో. ప్రిన్సిపాల్ పేరు తప్పు పడితే ఆ ప్లేట్ల ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?

(ఆమె వెంటనే జవాబివ్వలేదు. ప్రెస్సుల్లో ఎన్ని తగాదాలకు ఈ ప్రశ్నే మూలమో ఆమెకీ తెలుసు.)

డిజైనరు: వెర్షన్ మారితే పేరు మార్చి కొత్త లింకిస్తాను.

ఓనరు: అందరూ అలాగే అంటారు. ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘అసలు ఫైనల్’... ఇంకో సంగతి. 2020 లాక్‌డౌన్‌లో పెద్ద ఫైళ్ళు పంపే వియ్‌ట్రాన్స్‌ఫర్‌ సైటుని మన టెలికాం శాఖ ఆపించలేదా? అప్పటిదాకా అందరూ దాని మీదేగా పడ్డారు!

డిజైనరు: అది ఆగితే జనం ఇంకోటి చూసుకున్నారు. కస్టమర్లు ఫొటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపి నాశనం చేస్తారే, దానికంటే ఏ లింకైనా నయం కదా? ఫోన్లో మెరిసే ఫొటో ఫుల్‌పేజీకి పెంచితే ముఖాలన్నీ గళ్ళు గళ్ళే. డాక్యుమెంటుగా పంపమంటే వినరు.

ఓనరు: ఆ మాట నిజం. నిన్నగాక మొన్న ఒకాయన పెళ్ళి ఫొటో అలాగే తెచ్చాడు.

డిజైనరు: ఇలా చేద్దాం. ప్రింటుకెళ్ళే పెద్ద ఫైలు లింకులోనే ఉంటుంది. దాన్నే తక్కువ రిజల్యూషన్‌లో నాలుగైదు ఎంబీల ప్రూఫ్‌గా తీసి మెయిల్లో అటాచ్ చేస్తాను. కాలేజీవాళ్ళు ఆ మెయిలుకే ఓకే అని రిప్లై ఇస్తారు. రేపు గొడవొస్తే అదే సాక్ష్యం. ప్లేట్లకి ముందు మీరు రెండూ పోల్చి చూసుకోండి.

ఓనరు: పోల్చడానికి మనిషేడీ? సర్లే, నేనే చూస్తాను. ముందు ఆ యాక్సెస్ ఇవ్వు. ఫైలు నా హార్డ్‌డిస్కులోకి దిగేదాకా మాత్రం ఫోన్ పెట్టేయకు.