ఒంటి చేప సంసారం

చేపలు పెంచుదామని మా అమ్మాయి ఆరు నెలలు పోరు పెడితే, చివరికి ఒక్క చేపకు ఒప్పుకున్నాను. జంటను తెస్తే ఏమవుతుందో తెలియనంత అమాయకుణ్ణి కాను.

"గప్పీ తీసుకోండి సార్, మొండి ప్రాణం" అన్నాడు దుకాణదారు. రంగురంగుల తోకలు ఊపుకుంటూ తిరిగేవన్నీ మగవట. మూలగా బూడిద రంగులో బొద్దుగా ఉన్నది ఆడది. జాలేసి దాన్నే తెచ్చాను. 

కుళాయి నీళ్లలోని క్లోరిన్ చేపలకు పడదని, ముందు రోజే బకెట్‌లో పట్టి మూత తీసి ఉంచేవాణ్ణి. మా ఆవిడ ఆ నీళ్లతో రెండుసార్లు బట్టలు జాడించింది. తిండి చిటికెడే వేయాలి, రెండు నిమిషాల్లో తినేయగలిగినంత. కాకపోతే ఆ చిటికెడు పొద్దున నేను, బడికి వెళ్తూ అమ్మాయి, మధ్యాహ్నం మా ఆవిడ, ఎవరికి వారే వేస్తున్నామని ఆలస్యంగా తెలిసింది. అప్పటికే పొట్ట గుమ్మడికాయలా తేలింది. తోక వైపు నల్లటి మచ్చ ఒకటి. అజీర్తి అని తేల్చి, లంఖణం పరమౌషధమని రెండు రోజులు పస్తు పెట్టాను.

అదే సమయానికి ఊరి నుంచి అత్తగారు వచ్చారు. చెంగుతో అద్దం తుడిచి, కళ్లజోడు సవరించుకుని చూశారు.

"అల్లుడుగారూ, ఇది కడుపుతో ఉంది. నెలలు నిండాయి."

"అబ్బే, తొట్టిలో ఇదొక్కటే కదండీ!"

ఆవిడ నన్ను చూసిన చూపు, నలుగుర్ని కన్న తల్లి చూసే చూపు.

తెల్లవారి లేచేసరికి తొట్టి నిండా ఆవగింజంత కళ్లు. ఒక్కో జత కళ్ల వెనక దారప్పోగంత ఒళ్లు. తల్లి ఒక్కొక్కదాన్నే తరిమి గుటకాయ స్వాహా చేస్తోంది! గప్పీలకు మామూలుగానే ఆ అలవాటు ఉంది, ఆపైన నేను పెట్టిన రెండు రోజుల పస్తు. చేతికందిన టీ జల్లెడతో ముంచి ముంచి ఇరవై మూడింటిని స్టీలు గిన్నెలోకి చేర్చాను. ఆ తర్వాత మా ఆవిడ టీ పెట్టలేదు. జల్లెడ వైపు చూసి ఊరుకుంది.

దుకాణదారుకు ఫోను చేశాను. "మగదాంతో ఒక్కసారి కలిస్తే చాలు సార్, ఆ సరుకు నెలల తరబడి లోపల దాచుకుని, నెలకోసారి పిల్లలు పెడుతూనే ఉంటుంది" అన్నాడు, నాకేదో లాభం చేసినట్టు. 

ఆ ఉక్రోషంలో దీని పుట్టుపూర్వోత్తరాలు తవ్వాను. ట్రినిడాడ్ దీవి నుంచి నమూనాలు పంపిన గప్పీ దొర పేరును 1866లో లండన్‌లో గుంథర్ అనే శాస్త్రవేత్త దీనికి పెట్టాడు. తీరా చూస్తే 1859లోనే పీటర్స్ అనే జర్మన్ మరో పేరు పెట్టేసి ఉన్నాడు. శాస్త్రంలో పీటర్స్ పేరే చెల్లింది, పిలుపులో గప్పీ మిగిలింది. మన ఇళ్లలో బారసాల పేరుకూ ముద్దుపేరుకూ జరిగేదే. 

రెండో నెల మరో పాతిక. మూడో నెల లెక్కపెట్టడం మానేశాను. ఇక పంపకాలు మొదలుపెట్టాను. "దోమ పిల్లల్ని తింటాయండీ, మున్సిపాలిటీ వాళ్లు గుంటల్లో వదిలే గంబూసియాకు ఇవి దగ్గరి చుట్టాలు" అని ప్రతి గుమ్మంలోనూ ఉపన్యాసం ఇచ్చాను. వాచ్‌మన్ నన్ను చూస్తే మోటారు గదిలోకి దూరేవాడు. మూడో అంతస్తు ఆవిడ మాత్రం, బాల్కనీలో తామర తొట్టి ఉందంటూ గిన్నెతో సహా తీసుకుంది.

మొన్న ఆదివారం ఆవిడే తలుపు తట్టింది. చేతిలో మా స్టీలు గిన్నె, పైన పళ్లెం మూత.

"ఆలస్యమైంది, ఏమీ అనుకోకండి అన్నయ్యగారూ. గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు కదా!"

పండగ మర్నాడు. పులిహోరే అనుకున్నాను. చెంచా కూడా తెచ్చుకుని మూత తీశాను.

ఆవగింజంత కళ్లు, గిన్నె నిండా.