ఐదో వంతు సంగతి బంకులో రాయండి

సంక్రాంతి దాటాక కర్నూలు జిల్లా కోసిగి, మంత్రాలయం పల్లెల్లో తలుపులకు తాళాలు పడతాయి. జనం గుంటూరు మిరప కోతలకు తరలిపోతారు. ఉగాదికి తిరిగొచ్చాక ముందుగా మొరాయించేది వసారాలో నిలిపిన పాత మోటారు సైకిల్. పది కిక్కులు కొట్టినా అందుకోదు. అందుకున్నా చౌక్ తీయగానే ఆగిపోతుంది. మెకానిక్ కార్బొరేటర్ విప్పితే ఫ్లోట్ గిన్నె అడుగున జిగురు, అల్యూమినియం అంచుల మీద తెల్లటి పొడి. ‘పెట్రోలు కల్తీ’ అని తేల్చేస్తారు. చాలాసార్లు అది కల్తీ కాదు. నిలవున్న పెట్రోలు, అందులో ప్రభుత్వమే కలపమన్న ఇథనాల్ (చెరకు, మొక్కజొన్న నుంచి తీసే ఆల్కహాల్).

లీటరు పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉండే ఈ20 అమ్మకం 2023 ఫిబ్రవరిలో మొదలైంది. 2030కి పెట్టుకున్న గడువును 2025కే జరిపి, దేశమంతా దాన్నే పోస్తున్నారు. చమురు దిగుమతుల ఖర్చు తగ్గుతుందన్న వాదనతో మాకు పేచీ లేదు. మొక్కజొన్న, చెరకు రైతుకు మరో కొనుగోలుదారు దొరకడమూ మంచిదే. కానీ లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే. నీతి ఆయోగ్ 2021 నివేదికే పాత కార్లలో 6-7 శాతం, ద్విచక్ర వాహనాల్లో 3-4 శాతం మైలేజీ తగ్గుతుందని అంచనా వేసింది. లీటరుకు 50 కిలోమీటర్లిచ్చే బండి 48తో సరిపెడుతుందన్నమాట. ఆక్టేన్ (ఇంధనం ముందే భగ్గుమనకుండా ఆపే గుణం) పెరుగుతుందని ఓదారుస్తున్నారు. దాన్ని వాడుకునేలా ఇంజిన్‌ను తయారు చేయనప్పుడు పాత బండికి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

అసలు చిక్కు కార్బొరేటర్ దగ్గరుంది. కిలో పెట్రోలు మండడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. అంటే అదే గాలికి ఇంధనం ఎక్కువ పడాలి. ఇంధనం దూరే జెట్ రంధ్రం మాత్రం మారదు. దాంతో గాలి, ఇంధనాల మిశ్రమం పలచబడి పొద్దున స్టార్టింగ్ మొండికేస్తుంది, పికప్ తగ్గుతుంది, ప్లగ్గు మొన తెల్లబడుతుంది. మిశ్రమం స్క్రూను పావు చుట్టు చొప్పున సరిచేసి చూడాలి. చాలకపోతే మెయిన్ జెట్ ఒక సైజు పెద్దది వేయాలి. ఇథనాల్ పాత రబ్బరును ఉబ్బించి పగలగొడుతుంది కాబట్టి పెట్రోలు పైపు, గిన్నె ఓ-రింగు, కాక్ వాషరు మార్చేటప్పుడు ఇథనాల్‌కు తట్టుకునే విటాన్ రబ్బరు రకమే అడగండి. ట్యాంకులో ఏళ్ల నాటి తుప్పును, జిగురును కూడా అది కదిలిస్తుంది. అందుకే మొదటి రెండు మూడు ట్యాంకుల తర్వాత ఫిల్టర్ మార్చక తప్పదు. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 (పొగ నియంత్రణ ప్రమాణం) బళ్లలో ఆక్సిజన్ సెన్సర్ సాయంతో ఆ మిశ్రమం చాలావరకు తనే సర్దుకుంటుంది. ఈ20కి తట్టుకునే రబ్బరు, లోహ భాగాలు మాత్రం 2023 ఏప్రిల్ నుంచి తయారైన వాటిలోనే ఖాయం.

ఇక నీళ్ల సంగతి. మామూలు పెట్రోలులో నీరు అడుగున వేరుగా నిలుస్తుంది. ఇథనాల్ ఉంటే కొంత మేరకు కలిసిపోతుంది. హద్దు దాటితే నీరు, ఇథనాల్ జతకట్టి కిందికి దిగిపోతాయి. గాలిలో తేమ ఒక్కదానితో అంత జరగదు. మూత వాషరు పాడైన బండిలోకి వేసవి జడివాన దిగినా, బంకు భూగర్భ ట్యాంకు మూత నుంచి నీరు ఊరినా చాలు. ట్యాంకు అడుగు నుంచే కదా కాక్ తీసుకునేది! బంకుల్లో కొలకర్రకు పూసే మామూలు నీటి పేస్టు ఈ పొరను సరిగా పట్టలేదు. ఇథనాల్ మిశ్రమాలకు వేరే పేస్టు ఉంటుంది, అదే వాడాలి.

పెట్రోలులో ఇథనాల్ ఎంత కలిసిందో తెలుసుకోవడం బ్రహ్మవిద్య కాదు. వంద మిల్లీలీటర్ల గాజు కొలపాత్రలో సగం నీళ్లు, సగం పెట్రోలు పోసి కుదిపి పది నిమిషాలు ఉంచితే ఇథనాల్ నీళ్లలోకి దిగుతుంది. 50 దగ్గరున్న గీత 60 దరిదాపులకు ఎక్కితే అది ఈ20. నిప్పుకు దూరంగా, ఆరుబయటే చేయాలి సుమా.

వలస వెళ్లేవారు బండి నిలిపే ముందు పెట్రోలు కాక్ మూసి, ఇంజిన్ దానంతటదే ఆగేదాకా నడపనివ్వాలి. ఆ తర్వాత గిన్నె అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ విప్పి మిగిలిన చుక్కలు వంచేయాలి. ఎండకు పెట్రోలు ఆవిరై మిగిలే జిగురే పైలట్ జెట్‌ను (స్టార్టింగ్‌కు పెట్రోలు ఇచ్చే సన్న రంధ్రాన్ని) మూసేస్తుంది. ట్యాంకు నిండుగా ఉంటే తుప్పు పట్టదని పుస్తకం చెబుతుంది గానీ, నిండా పట్టించి వీధి వాకిట బండి వదిలి వెళ్లే ధైర్యం ఎవరికుంది? పూర్తిగా తీసేయడమే మేలు. బ్యాటరీ నెగటివ్ తీగ విప్పడం మరవొద్దు.

ఎలక్ట్రిక్ బండి కొనుక్కోమనడం తేలిక. ఓర్వకల్లు, గడివేముల మండలాల్లో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు మన పక్కనే ఉంది. 2024లో సీఎన్‌జీ మోటారు సైకిల్ కూడా బజారుకొచ్చింది. కూలి డబ్బుతో నడిచే ఇంటికి వాటి వాయిదాలు మోయలేని బరువు. పాత బండే ఇంకో ఏడెనిమిదేళ్లు లాగాలి.

కాబట్టి ప్రతి నాజిల్ మీద ఇథనాల్ ఎంతో తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించాలి. ఆదోని, ఎమ్మిగనూరు, కర్నూలు బంకుల్లో ఒక్కో పంపులోనైనా పాత బళ్లకు ఈ10 (10 శాతం ఇథనాల్ ఉన్నది) ఉంచాలి. అది కుదరదంటే తగ్గిన మైలేజీ మేరకు ధర తగ్గించాలి. అడిగినవారికి కల్తీ చూసే వడపోత కాగితం, ఐదు లీటర్ల కొలత చూపినట్టే గాజు కొలపాత్రనూ చూపించాలి. భూగర్భ ట్యాంకుల మూతల తనిఖీ మాత్రం జూన్ వానల కన్నా ముందే ముగియాలి.