ట్రీ గార్డుకు నీడ తగిలింది

నాటిన మొక్కకు మరునాడే నీళ్లు పోయడం మా కాలనీలో మర్యాద కాదు. అది మొక్క స్వశక్తిని శంకించడం.

మాది వనస్థలిపురం. పేరులోనే వనం ఉంది కనుక వేరే వనం అక్కర్లేదు, అయినా వానలు పడగానే నాటుతాం. 2015లో చిలుకూరులో హరితహారం మొదలైన నాటి నుంచి ఈ పండుగ తప్పలేదు. పథకం పేరు వన మహోత్సవమైంది. మా గుంత మాత్రం అదే.

మొక్కను నల్ల పాలిథిన్ సంచితోనే గుంతలో దించుతాం. విప్పితే మట్టి రాలి అతిథిగారి బూట్ల మీద పడుతుంది. వేళ్లు బయటికి పోలేక సంచిలోనే చుట్లు తిరుగుతాయి. తిరగనివ్వండి, ఎల్బీనగర్ దాటడానికి మనం తిరగడం లేదా? తర్వాత కాండం చుట్టూ మట్టి గుట్టగా పోస్తాం. మొదలు కప్పేస్తే కుళ్లుతుందనీ, పాదు తీసి మొదటి రెండు వేసవులూ వారానికి రెండుసార్లు వేళ్లకు అందేలా నిదానంగా నీళ్లు పోయాలనీ, ఎండుటాకులు పరిచినా కాండానికి తగలకూడదనీ ఒక రిటైర్డ్ మాస్టారు చెప్పబోయారు. అప్పటికే ఫొటో అయిపోయింది. ఇక ఏప్రిల్‌లో ట్యాంకరు వస్తుంది. దానితో కార్లు కడుక్కుంటాం.

నిజానికి మేము పెంచేది మొక్క చుట్టూ పెట్టే ఇనుప ట్రీ గార్డును. ఏటా పచ్చరంగు, దాత పేరుకు తెల్లరంగు. మేకలు ముట్టవు, ఎండకు వాడదు. (తుప్పు పడుతుంది, కానీ దానికి బడ్జెట్ ఉంది.)

ఇంత పద్ధతిగా నడుస్తుండగా ఒక కానుగ బతికిపోయింది. విచారిస్తే, వాచ్‌మన్ భార్య రోజూ బియ్యం కడిగిన నీళ్లు దాని మొదట్లో పోస్తోందని తేలింది. ఏ తీర్మానం లేకుండానే! కాండం లావెక్కి గార్డు చుట్టు ఊచ బెరడులోకి దిగింది. ఆకులు వండిన తిండి బెరడు గుండానే వేళ్లకు దిగుతుందనీ, ఊచ కోయకపోతే చెట్టు ఆకలితో చస్తుందనీ మాస్టారు మళ్లీ లేచారు.

చెట్టు కొట్టాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి తీసుకోవాలి. గార్డు కోయాలంటే దాతగారి అనుమతి కావాలి. మొదటిదే తేలిక.

మొన్న ఆదివారం కమిటీ రెండు గంటలు చర్చించింది. కానుగ కొమ్మలు వంగి దాతగారి పేరులో చివరి మూడక్షరాలు కప్పేస్తున్నాయని సభ్యులు ఆవేదన చెందారు. కొమ్మలు నరికే మనిషి రేపు ఉదయం వస్తున్నాడు.