బోల్టు పట్టిందంటే అన్నీ పట్టినట్టే

ఒక కారుకు ఏ షాక్ అబ్జార్బర్ (గతుకుల్లో కారు ఊపును అణిచే గొట్టం, వాడుకలో షాకు) సరిపోతుందో ఆ కారును తయారు చేసినవాడికే బాగా తెలుసుననే మూఢనమ్మకం ప్రపంచంలో ఇంకా చాలాచోట్ల ఉంది. దక్షిణ తెలంగాణ ఆ దశను ఎప్పుడో దాటేసింది. నల్లగొండలోనో మిర్యాలగూడలోనో, మహబూబ్‌నగర్‌లోనో జడ్చర్లలోనో ఏదో ఒక షెడ్డులోకి తొంగిచూడండి. ఒక కారు కింద మరో కారు షాకులు బిగించి, ఆ రెండింటిలో దేనికీ లేని గుణాలను పుట్టించే మహత్కార్యం అక్కడ నిశ్శబ్దంగా సాగుతూ ఉంటుంది. నిశ్శబ్దంగా అన్నది మాట వరసకే. సుత్తి దెబ్బలు వీధి చివరిదాకా వినిపిస్తాయి. ఇంతటి సేవకు ఇంతవరకు ఏ పురస్కారమూ రాకపోవడం అన్యాయమని తోచి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఈ ప్రయోగాలకు అన్నిటికన్నా అనువైనది పాత స్పోర్ట్స్ సెడాన్. ఉదాహరణకు 2004లో మన దేశంలో విడుదలైన స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్‌నే తీసుకుందాం. 1.8 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజను, 150 గుర్రాల శక్తి. (దాని డిక్కీ తలుపు వెనక అద్దంతో సహా పైకి లేస్తుంది కాబట్టి శాస్త్రప్రకారం అది సెడాన్ కాదు, లిఫ్ట్‌బ్యాక్. ఈ మాట షెడ్డులో అన్నవాడికి టీ పొయ్యరు.) హైదరాబాద్‌లో ఒకరికి మోజు తీరి, ఇంకొకరికి పెట్రోలు ఖర్చు భారమై, మరొకరికి పెళ్లి కుదిరి, చేతులు మారి మారి ఏపీ 09 నంబరు ప్లేటుతో ఆ కారు చివరికి మన జిల్లాకు చేరుతుంది. కొన్నవాడు వారం రోజులు రాజాలా తిరుగుతాడు. ఆ తరువాత రోడ్డు తన పని మొదలుపెడుతుంది.

మన రోడ్లను తక్కువ చేసి మాట్లాడేవాళ్లంటే నాకు గిట్టదు. రోడ్డుకు వాహనాలను మోయడం ఒక్కటే పనా? వరి కోతల కాలంలో అది కల్లం. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, వాటికి కాపలాగా వరుసగా రాళ్లు పేరుస్తారు. చీకటిపడ్డాక ఆ రాళ్లు కారుకు కనబడవు, కానీ టైరు వాటిని తప్పక కనిపెడుతుంది. ఇక స్పీడ్ బ్రేకర్ల సంగతి. గుండ్రటి స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలని, గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి దాని మీదుగా సాఫీగా దాటిపోవాలని, రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అనే సంస్థ ఏనాడో సూచించింది. మా ఊళ్లవాళ్లు ఆ సూచనను గౌరవిస్తూనే చిన్న సవరణ చేశారు. ఎత్తు విషయంలో ఉదారంగా, వెడల్పు విషయంలో పొదుపుగా వ్యవహరించారు. దాని మీద 25 కిలోమీటర్ల వేగంతో వెళ్లినవాడు ముందు కారును, తరువాత నడుమును చూపించుకోవాలి.

అలా ఒకనాడు షాకు నూనె కారుస్తుంది. గుంతలో పడ్డ కారు ఒక్క ఊపుతో ఆగకుండా ఊగుతూనే పోతుంది. టైరు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువగా అరిగి గతుకులు తేలుతుంది. బ్రేకు వేస్తే ముక్కు నేలకు వంగుతుంది, బండి ఆగే దూరం పెరుగుతుంది. ఓనరు అసలు షాకుల ధర అడుగుతాడు. విన్నాక కాసేపు కూర్చుంటాడు. లేచేసరికి అతను ఇంజనీరు అయి ఉంటాడు.

కొత్త ఇంజనీరు సిద్ధాంతం సరళం. షాకుకు కావలసిన అర్హతలు మూడు: కింద బోల్టు పట్టాలి, పైన నట్టు పట్టాలి, జేబుకు ధర పట్టాలి. కొలతకు టేపు ఉంటే టేపు, లేకపోతే జానెడు. విజయవాడ ఆటోనగర్‌లో తెలిసినవాడికి ఫోను వెళుతుంది, సికింద్రాబాద్ రాణీగంజ్‌లో తెలిసినవాడికి మరో ఫోను వెళుతుంది. "ఏ కారుదైనా సరే, కాస్త పెద్దది చూడండి" అని ఆర్డరు. మరునాడు బస్సు పార్సిలులో ఏదో ఒక ఎస్‌యూవీ షాకులు గోనెసంచిలో దిగుతాయి. ఆ ఎస్‌యూవీ బరువెంతో, ఆక్టేవియా బరువెంతో అడిగిన మేస్త్రీని నేను ఇంతవరకు చూడలేదు. చూసి ఉంటే సన్మానం చేసేవాణ్ణి.

నిజానికి ఇది పెళ్లి సంబంధం చూడటం లాంటిది, కాకపోతే గోత్రం నియమం తిరగబడుతుంది. మనుషులకు సగోత్రం పనికిరాదు, షాకులకు సగోత్రమే కావాలి. మన ఆర్‌ఎస్ మొదటి తరం ఆక్టేవియా. అది పుట్టిన చట్రాన్ని, స్కోడా కూడా చేరిన ఫోక్స్‌వ్యాగన్ కుటుంబంలో పీక్యూ 34 అని పిలుస్తారు. నాలుగో తరం గోల్ఫ్, మొదటి తరం ఆడి ఏ3, న్యూ బీటిల్, మొదటి తరం సియట్ లియాన్ అన్నీ ఆ ఇంటి పిల్లలే. ఆ ఇళ్లలో వెతికితే ఆక్టేవియాకు కుదిరే షాకులు నిజంగానే దొరుకుతాయి. అక్కడ కూడా తొందరపడకూడదు. బరువైన డీజిల్ ఇంజను కింద నిలబడినదానికీ, పెట్రోలు కారు కింద పనిచేసేదానికీ స్వభావం వేరు. స్పోర్ట్స్ రకానికి స్ప్రింగు పొట్టి, షాకు గట్టి. నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే రకానికి వెనక కట్టు పూర్తిగా వేరు. ఇన్ని తెలుసుకుని, పార్టు నంబరు సరిచూసుకుని తెచ్చుకుంటే వేరే కారు షాకైనా ఏళ్ల తరబడి హాయిగా కాపురం చేస్తుంది. మనవాళ్లకు అదే నచ్చదు. అందులో సృజన ఏముంది?

సృజన అంతా ఎత్తులో ఉంది. "పెద్ద షాకు వేస్తే కారు లేస్తుంది సార్" అనే వాక్యం మన జిల్లాల్లో వేదవాక్కు. కారు బరువును మోసేది స్ప్రింగు. షాకు లోపల నూనెలో ఒక పిస్టన్ ఉంటుంది. అది కదిలినప్పుడు నూనె సన్నటి వాల్వుల్లోంచి దూరి వెళుతుంది, స్ప్రింగు ఊపు వేడిగా మారి చల్లారిపోతుంది. దాని ఉద్యోగం అంతవరకే. గ్యాసు నింపిన షాకైతే కారును ఒకింత పైకి నెడుతుంది, ఆ పాటి దానికి కారు లేచి నిలబడదు. ఇదంతా ఆక్టేవియా వెనక వైపుకు అక్షరాలా వర్తిస్తుంది, అక్కడ స్ప్రింగు వేరు, షాకు వేరు. ముందు వైపు కథ వేరు. అక్కడున్నది మెక్‌ఫెర్సన్ అనే అమెరికా ఇంజనీరు పేరు మీద చెలామణి అయ్యే స్ట్రట్, అంటే షాకూ స్ప్రింగూ ఒకే కట్టుగా ఉండేది. స్ప్రింగు కూర్చునే పళ్లెం దాని ఒంటికే అతికి ఉంటుంది. పళ్లెం పైకున్న స్ట్రట్ తెచ్చి పెడితే కారు ముక్కు నిజంగానే లేస్తుంది. ఓనరు మొహం వెలిగిపోతుంది, ఫొటో తీసి బావమరిదికి పంపుతాడు. ఆ ఫొటోలో పడనివి కొన్ని ఉంటాయి. చక్రాన్ని తిప్పే ఇరుసు ఏటవాలుగా సాగి నిలబడుతుంది, దాని రబ్బరు బూటు కొద్ది రోజుల్లో చిరిగి గ్రీజు కక్కుతుంది. చక్రం నిలువు తప్పి టైరు ఒక పక్కనే అరుగుతుంది. చక్రం కిందికి వేలాడినప్పుడల్లా బ్రేకు గొట్టం తీగలా బిగుసుకుంటుంది.

బోల్టు పట్టని సందర్భాలు కూడా ఉంటాయి. అలాంటప్పుడు లేత్ షాపు ఉంది. రంధ్రం చిన్నదైతే పెద్దది చేస్తారు, పెద్దదైతే బుష్ (రంధ్రంలో ఇమిడే చిన్న గొట్టపు ముక్క) తిప్పి దించుతారు. షాకుకు బోల్టు దూరే చెవి వేరే దిక్కున ఉంటే కోసి, మనకు కావలసిన దిక్కున వెల్డింగ్ పెడతారు. లోపల నూనె, సీలు, కొన్నిటిలో ఒత్తిడితో నింపిన నైట్రోజన్ గ్యాసు ఉండే గొట్టానికి బయట నిప్పు పెట్టడమంటే ఏమిటో వెల్డింగ్ చేసేవాడికి తెలియకపోవచ్చు. తెలిసినవాడు ఆ సమయంలో టీ తాగడానికి వెళతాడు. ఒకాయన ముందు స్ట్రట్ ఉండవలసిన చోట ఉత్త షాకును నిలబెట్టించబోయాడు. చక్రం పక్కలకు వంగకుండా పట్టుకునే భారం స్ట్రట్ మీదే ఉంటుంది కాబట్టి దాని కడ్డీ సుమారు 20 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. మామూలు షాకు కడ్డీ అందులో సగం కాస్త అటూ ఇటూ. "లావు కడ్డీ అంతా కంపెనీవాళ్ల ఇనుము దుబారా" అని ఆయన తీర్పు. ఆ ప్రయోగం ముందుకు సాగకపోవడానికి కారణం శాస్త్రం కాదు, ఆ రోజు కరెంటు లేకపోవడం.

ఇక పరీక్ష. అది కూడా షెడ్డు ముందే జరుగుతుంది. మేస్త్రీ బానెటు మూల మీద రెండు చేతులు పెట్టి బలమంతా వేసి నొక్కుతాడు. కారు కదలదు. "చూశారా, రాయిలా ఉంది" అంటాడు. షాకు అరిగిపోతే కారు ఊగుతుందని అందరికీ తెలుసు. బరువైన బండి కోసం చేసిన షాకు తేలికైన కారు కింద చేరితే అసలు కదలదని మాత్రం ఎవరూ పట్టించుకోరు. అది స్ప్రింగును త్వరగా సాగనివ్వదు. వరుసగా గతుకులు తగిలితే ఒక గతుకు నుంచి తేరుకునేలోపే ఇంకొకటి వస్తుంది, స్ప్రింగు కుంచించుకుంటూ, కారు కొంచెం కొంచెంగా దిగుతూ పోతుంది. అంటే నిలబడి ఉన్నప్పుడు లేచిన కారు, పరుగెత్తేటప్పుడు కూర్చుంటుంది. ఇంత వినయం ఖరీదైన కార్లలో కూడా కనిపించదు. వెనక సీట్లో కూర్చున్న అత్తగారు హాలియా దాటేసరికి కట్టుడు పళ్లు తీసి కొంగున కట్టుకుని, "అల్లుడూ, బస్సెక్కి వస్తానయ్యా" అంటే, అది ఆమె ఆధునికతను అర్థం చేసుకోలేకపోవడమే తప్ప మరొకటి కాదు.

ఈ మహోద్యమానికి అడ్డుపడే ఛాందసులు కూడా మన మధ్య లేకపోలేదు. మిర్యాలగూడలో ఒక పెద్దమనిషి ఉన్నాడు, పేరు ఎందుకులెండి. షాకు పూర్తిగా ముడుచుకున్నప్పటి పొడవు, పూర్తిగా సాగినప్పటి పొడవు రెండూ కాగితం మీద రాసుకుంటాడు. ముడుచుకున్నప్పటి పొడవు ఎక్కువైతే బంప్ స్టాప్ (చివరి దెబ్బను కాచుకునే రబ్బరు దిమ్మ) తగలకముందే షాకు లోపలి పిస్టన్ అడుగుకు గుద్దుకుంటుందని, సాగే పొడవు తక్కువైతే చక్రం వేలాడిన ప్రతిసారీ దాని బరువంతా కడ్డీకే వేలాడుతుందని బెంగ పెట్టుకుంటాడు. ఒక పక్క పోయినా రెండు పక్కలా జతగా మారుస్తాడు. పైన మౌంటు, దాని బేరింగు, బంప్ స్టాప్ కూడా కొత్తవే వేస్తాడు. అన్నిటికన్నా విడ్డూరం ఇంకొకటుంది. రబ్బరు బుష్ ఉన్న బోల్టులను కారు జాకీ మీద ఉండగా చివరిదాకా బిగించనివ్వడు. చక్రాలు నేల మీద ఆనాకే బిగించాలని, లేకపోతే రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతుందని మేస్త్రీతో గొడవపడతాడు. ఆ పని పూర్తయ్యాక వీల్ అలైన్‌మెంట్ చేయించనిదే ఇంటికి వెళ్లడు. అతని కారు ఎత్తు పెరగలేదు, శబ్దం చెయ్యదు, ఎవరూ దాని గురించి మాట్లాడుకోరు. ఇలాంటి బతుకు ఒక బతుకా?

చట్టం ఏమంటుందని అడిగే భయస్థులకు ఒక మాట. కంపెనీ ఇచ్చిన వివరాలకు, రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌లో ఉంది. రిజిస్ట్రేషన్ పత్రంలో ఛాసిస్ నంబరు ఉంది, ఇంజను నంబరు ఉంది, రంగు ఉంది, సీట్ల సంఖ్య ఉంది. షాకుల గడి లేదు. మన ఇంజనీర్లు ఆ ఖాళీలోనే కాపురం పెట్టారు. 2004 నాటి సొంత కారుకు పదిహేనేళ్ల గడువు 2019లో తీరింది, ఐదేళ్ల రెన్యువల్ 2024లో తీరింది. ఆ రెండుసార్లూ ఛాసిస్ నంబరును పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకుంటారు, లైట్లు వేయిస్తారు, హారన్ కొట్టిస్తారు. కింద ఏ ఊరి షాకు ఏ ఊరి బోల్టును పట్టుకుని వేలాడుతోందో చూడటానికి ఎవరైనా పడుకోవాలి. ఇస్త్రీ చొక్కా ఉన్నవాడు పడుకోడు.

మొన్న ఫోనులో ఒక ప్రకటన చూశాను. యథాతథంగా ఇస్తున్నాను. "అమ్మబడును: ఆక్టేవియా ఆర్‌ఎస్, 2004 మోడల్. ఇంజను బంగారం. ఏసీ చల్లగా వచ్చును. ఎత్తు పెంచబడినది. షాకులు నాలుగూ కొత్తవి, నాలుగు కార్లవి. ట్రాక్టరు ట్రాలీకి మార్పిడి అయినా సమ్మతమే. కారు వద్దనుకున్నవారికి షాకులు విడిగా కూడా ఇవ్వబడును, ఏ కారుకైనా పట్టును."