డ్రైసూట్ అల్లుడుగారికి బహిరంగ లేఖ

చన్నీళ్లలో పడవ నడిపేవాళ్లు నీళ్లు లోపలికి రాకుండా ఒళ్లంతా తొడుక్కునే దుస్తులైన మహారాజశ్రీ డ్రైసూట్ అల్లుడుగారికి అత్తవారింటి నుంచి రాయునది. ఉభయకుశలోపరి.

మే నెల వచ్చింది. అమెరికాలోని విస్కాన్సిన్‌లో అపాసల్ దీవుల దగ్గర సుపీరియర్ సరస్సులోకి కయాకులు, అంటే తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవలు, దిగుతున్నాయి. ఎండ చూస్తే చొక్కా విప్పేయాలనిపిస్తుంది. నీళ్లు మాత్రం ఇంకా 4, 5 డిగ్రీల దగ్గరే ఉన్నాయి. కనుక మిమ్మల్ని పిలవక తప్పడం లేదు.

మీ మర్యాదలు సంక్రాంతి అల్లుడికి కూడా ఉండవు. నీళ్లు దూరకుండా మెడకూ మణికట్లకూ ఉన్న లేటెక్స్ రబ్బరు పట్టీలకు పౌడర్ అద్దాలి. సన్‌స్క్రీన్ పూసుకున్న చేత్తో ముట్టుకుంటే అలిగి జిగటపడతారు, ఎండలో ఆరేస్తే పెళుసెక్కుతారు. ఇత్తడి జిప్పుకైతే మైనం రాయాలి. కొత్త మెడపట్టీ బిగుతుగా ఉంటే రాత్రంతా గిన్నెకు తొడిగి సాగదీయాలి. అప్పటికీ లొంగకపోతే పదునైన కత్తెరతో అంచు చుట్టూ ఒక్క వరుస కోసి, తొడిగి చూసి, కావాలంటేనే రెండోది కోయాలి. తొందరపడి ఎక్కువ కోస్తే సరస్సు లోపలికొస్తుంది. అంచుకు గాటు పడిందా, అక్కణ్నుంచే బర్రున చిరుగుతారు. పోనీ కోయకుండా ఊరుకుందామంటే మెడ నొక్కుకుని కళ్లు తిరుగుతాయి.

ఇంత చేస్తే వెచ్చదనం ఇస్తారా? అదీ లేదు. పలచటి పొరల బట్టగా మీరు ఆపేది నీటిని మాత్రమే, చలిని కాసేది లోపల వేసుకునే ఫ్లీస్ అనే మెత్తటి వెచ్చటి బట్ట. కష్టం దానిది, పేరు మీది. తెలియనివాళ్లు లోపల జీన్సూ కాటన్ టీషర్టూ వేసుకొస్తారు. అవి చెమటకు తడిసి అంటుకున్నాక మీ పేరులోని ‘డ్రై’ ఏమైపోయిందో మీకే తెలియాలి.

కాసిని నీళ్లను లోపలికి రానిచ్చే మా పెద్దకొడుకు వెట్‌సూట్‌కు ఈ బెట్టు లేదు. వెచ్చగా ఉండాలంటే పొడిగా ఉండనక్కర్లేదని 1950ల మొదట్లో బర్కిలీ భౌతిక శాస్త్రవేత్త హ్యూ బ్రాడ్నర్ గ్రహించాడు. వాణ్ని కుట్టిన నియోప్రీన్ అనే నురగ రబ్బరులోని గాలి బుడగలు చలిని ఆపుతాయి, లోపలికి దూరిన కాసిని నీళ్లను ఒళ్లే కాచుకుంటుంది. అందుకే వాడు ఒంటికి అతుక్కోవాలి. నడుం దగ్గర వదులుంటే కదిలినప్పుడల్లా కొత్త చన్నీళ్లు లోపలికొస్తాయి, అప్పుడు 5 మిల్లీమీటర్ల మందం ఉన్నా దండగే. విశాఖ రుషికొండ దగ్గర స్కూబాకు, అంటే వీపున గాలి సిలిండర్‌తో నీటి అడుగున ఈదడానికి, వాడు 3 మిల్లీమీటర్లలో వస్తే చాలు. అక్కడికి మీరొస్తే లోపలి మనిషి కుడుములా ఉడుకుతాడు. అలలతో కుస్తీపట్టే సర్ఫింగ్‌కూ మాకు వాడే కావాలి.

లోపాలు వాడికీ ఉన్నాయి. 30 మీటర్ల లోతున నీటి ఒత్తిడికి ఆ బుడగలు నాలుగో వంతుకు నలిగిపోతాయి, చలి తెలిసేది అక్కడే. ఇక 4 డిగ్రీల నీళ్లలో పడవ బోల్తా కొడితే మొదటి నిమిషం ఊపిరి అందదు. పది నిమిషాలకు వేళ్లు మాట వినవు, ఓ గంటకు స్పృహ తప్పొచ్చు. కయాకర్లు వేసుకునే చేతుల్లేని 3 మిల్లీమీటర్ల వెట్‌సూట్ ఈ లెక్కను కాస్త సాగదీస్తుంది, మార్చలేదు. కన్నకొడుకే కదా అని ఆ నీళ్లలోకి పంపలేం. దయచేయండి.

అయితే ఒక మనవి. మిమ్మల్ని వేసుకున్నాక గొంతుక్కూర్చుని, మోకాళ్లు కావలించుకుని, మెడపట్టీలో వేలు పెట్టి లోపలి గాలి వదిలించాలి. లేకపోతే నీళ్లలో బూరెలా ఉబ్బుతారు, ఈదబోతే చేతులు ఆడనివ్వరు. చిరిగి నీళ్లు నిండితే మనిషిని అడుక్కి లాగేస్తారన్న అపవాదు మీ మీద ఉంది, అది అబద్ధమని మేమే ఊరంతా చెబుతున్నాం. నీళ్లలో నీళ్లకు బరువేముంది? కాని ఆ నీళ్లతో పడవలోకి తిరిగి ఎక్కాలంటే తడిసిన బియ్యం బస్తాను అటకెక్కించినట్టే. పైన లైఫ్‌జాకెట్ లేకుండా మాత్రం రాకండి.

ఇట్లు,
మీ అత్తగారు

తా.క. లఘుశంక కోసం ముందువైపు కుట్టిన ఆ చిన్న జిప్పు సంగతి. ఒడ్డున పని కానిచ్చుకుని, చివరి అర అంగుళం లాగకుండా వదిలేస్తారు. ఆ సంగతి నడుంలోతు నీళ్లలో నిలబడ్డాకగానీ గుర్తుకు రాదు.