మిక్సీలో తిప్పితే అది పెస్టో ఎలా అవుతుందండీ?

మొన్న ఆదివారం మా గుంటూర్లోనే ఒక హోటల్లో పెస్టో పాస్తా తిన్నాం. ఎండిన గోరింటాకు ముద్దలా నల్లగా ఉంది. "ఇటలీ వంట అలాగే ఉంటుంది వదినా" అని మా మరిది సర్దిచెప్పబోయాడు. ఎందుకుంటుంది నాయనా?

పెస్టో అంటే ఇటలీలోని జెనోవా ఊరివాళ్ళు బేసిల్ ఆకుతో చేసే రోటి పచ్చడి. ఆ పేరు పుట్టిందే దంచడం అనే మాటలోంచి. 2007 నుంచి అక్కడ పోటీలు కూడా పెడుతున్నారు: వందమంది పాలరాతి రోళ్ళు, చెక్క బండలు ముందు పెట్టుకుని దంచుతారు. మనమేమో నల్లరాతి రోలు బాల్కనీలో కుండీకి ఆసరాగా పెట్టి, మిక్సీ కోసం వెతుక్కుంటాం!

కోసిన వంకాయ ముక్క ఎందుకు నల్లబడుతుందో ఈ ఆకూ అందుకే నల్లబడుతుంది. మిక్సీ దాన్ని తునాతునకలు చేసి, గాలి కలిపి, వేడెక్కించి మరీ ఇస్తుంది. రోట్లో అయితే ముందు రెండు వెల్లుల్లి రెబ్బలు, కల్లుప్పు. తర్వాత పైన్ గింజలు, అసలు పద్ధతిలో వేసే పప్పు అదే. వాటి ధర చూసి నేను వేటపాలెం జీడిపప్పుకి దిగిపోయాను, నాకేం సిగ్గులేదు. ఆపైన యాభై గ్రాముల ఆకు, గుప్పెడు గుప్పెడుగా. ఆకుని దంచక్కర్లేదు, బండని రోటి గోడకి ఆనించి తిప్పుతూ నూరాలి. చీజ్, ఆలివ్ నూనె ఆఖర్న. పొయ్యి మీద పెట్టారా, మళ్ళీ గోరింటాకే. పాస్తా ఉడికిన నీళ్ళు రెండు గరిటెలు పోసి కలిపితే చాలు.

"తులసమ్మని పచ్చడి చేస్తావా" అని అత్తయ్యగారు గొడవ. తులసి కాదండీ, బేసిల్ అంటే మన రుద్రజడ. ఎండాకాలం మనం తాగే సబ్జా గింజలు ఆ జాతి మొక్కవే. కిరాణా కొట్టు గింజలు కుండీలో చల్లినా మొలుస్తాయి. జెనోవా రకం వాసన అచ్చంగా రాదు కానీ పని జరుగుతుంది. పూత రాకుండా కొసలు తుంచుతూ ఉండాలి.

ఇంకోమాట. పెస్టోలో వేసే అసలు పార్మిజాన్ చీజ్‌లో పాలు విరగ్గొట్టడానికి వాడేది దూడ పొట్టలోంచి తీసిన పదార్థం. శాకాహారులు డబ్బా మీద చదివి కొనుక్కోండి. మా అత్తయ్యగారికి ఈ సంగతి ముందే చెప్పి, చీజ్ కలపకముందే ఆవిడ వాటా పక్కకి తీశాను.

రోలు మాత్రం బాగా కడగండి. నా మొదటి పెస్టోకి పండుమిర్చి వాసన వచ్చింది. అత్తయ్యగారికి అదే నచ్చింది. ఈసారి శుభ్రంగా కడిగి నూరితే, వేడన్నంలో కలుపుకుని, "ఇందులో కారం ఏదే?" అన్నారు.