ఎమ్యులేటర్‌లో ట్రాకు కట్టండి, వాయించొద్దు

మన అనంతపురం, కడప, కర్నూలు పక్క జానపదాలకు ట్రాకులు కట్టే పిల్లలకు ఎవరు ఎక్కిస్తున్నారో గానీ, అందరిదీ ఒకటే మాట. ఫోన్‌లోని మ్యూజిక్ యాప్‌ను కంప్యూటర్‌లో ఎమ్యులేటర్ (ఆండ్రాయిడ్ యాప్‌లను కంప్యూటర్‌లో నడిపే ప్రోగ్రాము) వేసుకుని వాడు, సౌండు లేటుగా వస్తే గ్రాఫిక్స్ కార్డు వేయించు అని. వాళ్లేమో కంప్యూటర్ సామాన్ల బజారైన బెంగళూరు ఎస్పీ రోడ్డుకు పోయి వేలకు వేలు పోసి వస్తున్నారు. చెడ్డ సలహా అప్పా ఇది. సౌండు లేటుకూ గ్రాఫిక్స్ కార్డుకూ సంబంధమే లేదు.

మీరు కీ నొక్కగానే యాప్‌లో పుట్టిన సౌండు ముందు ఆండ్రాయిడ్ మిక్సర్ (అన్ని సౌండ్లనూ కలిపే చోటు) లోకి, ఆ తర్వాత ఎమ్యులేటర్ సృష్టించిన ఉత్తుత్తి సౌండ్ కార్డులోకి, ఆపైన విండోస్ మిక్సర్‌లోకి పోయి, చివరికి అసలు సౌండ్ కార్డును నడిపే డ్రైవర్‌కు చేరుతుంది. ప్రతి చోటా ఒక బఫర్, అంటే సౌండు కాసేపు ఆగే తొట్టి లాంటిది, నిండాలి. 48000 హెర్ట్జ్‌లో, అంటే సెకనుకు 48000 శాంపిళ్లు (సౌండు ముక్కలు) పోయేటప్పుడు, 256 శాంపిళ్ల బఫర్ ఒక్కటే ఉంటే 5.3 మిల్లీసెకన్లు, చేతికి తెలియను కూడా తెలియదు. అంతకన్నా పెద్దవి వరుసగా పడితే 100 మిల్లీసెకన్లు దాటడం ఎంతసేపు? నిమిషానికి 120 బీట్ల టెంపోలో బీటులో నాలుగో వంతు 125 మిల్లీసెకన్లే. 100 మిల్లీసెకన్ల లేటంటే, ఉరుము వాద్యం కొట్టే మనిషిని 34 మీటర్ల దూరాన నిలబెట్టి, ఇక్కడ మీరు తాళం కలిపినట్టు ఉంటుంది. విండోస్ మిక్సర్‌ను దాటేసి లేటు తగ్గించే ఏషియో డ్రైవర్ వేసినా మామూలు ఎమ్యులేటర్లు దాన్ని ముట్టుకోవు.

ఇంకో చిక్కు. చాలా యాప్‌ల సౌండ్ ఇంజన్ ఫోన్లలో ఉండే ఆర్మ్ ప్రాసెసర్‌కు రాసింది. ఇంటెల్, ఏఎండీ మీద దాన్ని అప్పటికప్పుడు తర్జుమా చేసుకుంటూ నడపాలి. రెండు ట్రాకులకు రివర్బ్ (హాలులో మోగినట్టు చేసే ఎఫెక్ట్) పెట్టగానే చిటపటలు మొదలయ్యేది అందుకే.

కాబట్టి ముందు చూడాల్సింది, ఆ యాప్‌కు కంప్యూటర్ రూపం ఉందా అని. బ్యాండ్‌ల్యాబ్ అనే మ్యూజిక్ యాప్ క్రోమ్‌లోనే తెరుచుకుంటుంది, అదే లాగిన్‌తో ఫోన్‌లో కట్టిన పాట వచ్చేస్తుంది, యూఎస్‌బీ మిడి కీబోర్డు (కంప్యూటర్‌కు తగిలించే పియానో మెట్లు) కూడా పనిచేస్తుంది. ఎఫ్‌ఎల్ స్టూడియో మొబైల్‌కు విండోస్ రూపం ఉంది, కాకపోతే ప్లేస్టోర్‌లో కొన్నది అక్కడ చెల్లదు, మళ్లీ కొనాలి. డెస్క్‌టాప్ ఎఫ్‌ఎల్ స్టూడియోలో అది ప్లగిన్‌గానే, అంటే లోపలే నడిచే భాగంగా, వస్తుంది. గ్యారేజ్‌బ్యాండ్ ఆపిల్ వాళ్లకే పరిమితం. దాని పేరుతో తిరిగే ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్) ఫైళ్లన్నీ దొంగవే, వేసుకోవద్దు. విండోస్ 11లో ఆండ్రాయిడ్ యాప్‌లు నడిపే మైక్రోసాఫ్ట్ సొంత ఏర్పాటు కూడా 2025 మార్చి 5తో ముగిసింది.

ఇవేవీ కుదరకపోతేనే ఎమ్యులేటర్. టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్, సీపీయూ నొక్కి వర్చువలైజేషన్ (ఎమ్యులేటర్ వేగంగా నడవడానికి కావాల్సిన ప్రాసెసర్ సదుపాయం) 'ఎనేబుల్డ్' అని ఉందో లేదో చూడండి. లేకపోతే బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే సెట్టింగుల్లో) ఇంటెల్‌కు వీటీ, ఏఎండీకి ఎస్‌వీఎం ఆన్ చేయాలి. కంప్యూటర్‌లో 8 జీబీ ర్యామ్ ఉంటే ఎమ్యులేటర్‌కు 4 జీబీ, ప్రాసెసర్‌లో 4 కోర్లు ఇచ్చి, ఫ్రేమ్ రేటు 30కి తగ్గించండి. బొమ్మ కాస్త కుదుపుతుంది గానీ ప్రాసెసర్ సౌండుకు మిగులుతుంది. విండోస్ సౌండ్ సెట్టింగుల్లోని శాంపిల్ రేటు, యాప్‌లోని రేటు ఒకటే ఉండాలి. బ్లూటూత్ హెడ్‌సెట్ వద్దే వద్దు. దాని లేటు దానిది, పైగా మైకు ఆన్ చేస్తే చాలా వాటిలో సౌండు నాణ్యత బాగా పడిపోతుంది.

లేటు ఎంతో ఊహించొద్దు, కొలవండి. ఫోన్ రికార్డర్‌ను కీబోర్డుకూ స్పీకరుకూ మధ్య పెట్టి, ఒక కీని గట్టిగా నొక్కండి. ఆ ఫైలును ఆడాసిటీ అనే ఉచిత సౌండు ఎడిటర్‌లో పెద్దది చేసి చూస్తే మొదట కీ 'టక్' మన్న సన్నటి గీత, కొంత ఖాళీ, తర్వాత స్వరం లావుగా లేస్తుంది. ఆ ఖాళీని సెలెక్ట్ చేస్తే మిల్లీసెకన్లు కింద కనిపిస్తాయి. పదిసార్లు నొక్కి చూడండి. ఒక్కోసారి ఒక్కో అంకె వస్తుంటే, పాడిన ట్రాకును తర్వాత వెనక్కి జరిపినా కుదరదు.

అందుకే నా మాట ఇదే: ఎమ్యులేటర్‌లో మౌస్‌తో నోట్లు పెట్టుకోండి, మిక్స్ సరిచూసుకోండి. వాయించడం, పాడడం ఫోన్‌లోనే. ఫోన్ తెరను యూఎస్‌బీ వైరుతో కంప్యూటర్‌లో చూపించే ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి. ఫోన్ సెట్టింగుల్లో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, సౌండును మాత్రం కంప్యూటర్‌కు పంపకుండా, ఇయర్‌ఫోన్ ఫోన్‌కే పెట్టుకుంటే పెద్ద తెర దొరుకుతుంది, లేటు పెరగదు.

ఎండాకాలం మన దగ్గర కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. యూపీఎస్ లేని డెస్క్‌టాప్ అయితే ఎమ్యులేటర్ డిస్కు ఫైలు మొత్తం పాడయ్యే ప్రమాదం ఉంది. యాప్ తీసేసినా లోపలి ప్రాజెక్టులు దాంతోపాటే పోవచ్చు. అందుకని పని ఆపేముందు ఒక్కో ట్రాకును విడిగా, 24 బిట్ వేవ్ (నాణ్యత తగ్గని సౌండు ఫైలు) గా, అన్నిటినీ మొదటి బార్ నుంచే మొదలయ్యేలా ఎక్స్‌పోర్ట్ చేసి, ఎమ్యులేటర్‌కూ విండోస్‌కూ ఉమ్మడిగా ఉండే షేర్డ్ ఫోల్డర్ ద్వారా విండోస్‌లోకి తెచ్చుకోండి. ఫైలు పేరులో టెంపో రాయండి.